డేటాబేసులలో కాలమును మార్చు విద్య

డేటాబేసులో పేరు, ధర, పరిమాణము మొదలగువానికి గల టైపును మార్చునపుడు పొరపాటు జరిగినచో అది తరచుగా వెంటనే కంటబడును. అక్షరములు తెగిపోవును, అంకెలు పొసగక పని యాగిపోవును. తేదీని, వేళను తెలుపు టైపును మార్చునపుడు మాత్రము విలువ చూపునకు యథాతథముగా నిలిచి, దాని యర్థమొక్కటే జారిపోవుటకు వీలు కలదు. ఉదయము తొమ్మిదిన్నర యని వ్రాసియున్న గడి మార్పు జరిగిన పిమ్మట కూడ తొమ్మిదిన్నర యనియే పలుకును. అది హైదరాబాదు వేళయో, గ్రీనిచ్ వేళయో ఆ గడిని జూచి చెప్పగలవారుండరు. అందుచేత ఈ మార్పులను ముందుగా యోచించి, మెల్లగా నడిపించుట యొక సంప్రదాయముగా నేర్పడినది. దానిని బహిరంగముగా, ప్రతి నిర్ణయమును గ్రంథస్థము చేయుచు సాగించిన పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అను డేటాబేసు సాఫ్ట్‌వేరు చరిత్రను పరిశీలించినచో ఇందలి మెలకువలు చక్కగా బోధపడును.

1986లో బర్కిలీ యందలి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున మైకేల్ స్టోన్‌బ్రేకర్ ఆధ్వర్యమున నారంభమైన పోస్ట్‌గ్రెస్ పరిశోధన నుండి ఈ సాఫ్ట్‌వేరునకు ఆబ్స్‌టైం, రెల్‌టైం, టీఇంటర్వల్ అను పాత టైపులు సంక్రమించినవి. ఆబ్స్‌టైం నాలుగు బైట్లలో సెకన్లను లెక్కించునది. 1901 డిసెంబరునకు ముందు గాని, 2038 జనవరికి తరువాత గాని జరిగిన దేనిని అది యెఱుగదు. ఎస్‌క్యూఎల్ ప్రమాణము విధించిన టైంస్టాంపు, ఇంటర్వల్ అను టైపులు స్థిరపడిన పిమ్మట, పాతవానిని వాడవలదనియు, అవి ముందు ముందు తొలగిపోవచ్చుననియు వెర్షను వెంట వెర్షనుగా హెచ్చరించుచు, ఏండ్ల తరబడి వానిని భరించి, తుదకు 2019 అక్టోబరులో వెలువడిన 12వ వెర్షనులో తీసివేసిరి. ఇంత యాలస్యమేల యని యడుగువారు కలరు. ఒక కార్యాలయమున డేటాబేసు నెలకొన్న తరువాత పది పదునైదేండ్లకు గాని దానిని కదల్ప సాహసింపనివా రెందరో యుందురు; వారి దస్తావేజులకు దారి చూపకుండ తలుపు మూయుట న్యాయము గాదు గనుక, ఈ యోపిక ఆ పనికి ప్రాణమువంటిదని నా నిశ్చయము.

అన్ని మార్పులును ఇంత నిరపాయముగా జరిగినవని చెప్పజాలము. 2000లో వచ్చిన 7.0వ వెర్షనులో డేట్‌టైం, టైంస్పాన్ అను టైపులకు మాఱుగా టైంస్టాంపు, ఇంటర్వల్ వచ్చినపుడు, పాత పేర్లను గుర్తించి క్రొత్తవానిగా గ్రహించు నేర్పాటును కొంతకాలము నిలిపిరి. అది సుగమమైన మార్గమే. కాని 2002 నవంబరునాటి 7.3వ వెర్షనులో, అంతవఱకు టైంజోను గలదిగా నెంచబడుచున్న ఒట్టి టైంస్టాంపు అను మాటకు, ప్రమాణమునకు లోబడవలెనను కారణమున, టైంజోను లేనిదను అర్థము నిచ్చిరి. నిర్ణయము ప్రమాణసమ్మతమే, అయినను ఈ చరిత్రలో మిక్కిలి జాగ్రత్త నపేక్షించిన మలుపు ఇదియేనని తలంతును. పేరు తొలగించిన చోట ప్రోగ్రాము తప్పు చూపి నిలిచిపోవును, మనిషి వచ్చి చక్కదిద్దును. పేరు నిలిపి యర్థము మార్చిన చోట ప్రోగ్రాము నడచుచునే యుండును, వేళలు మాత్రము చెడుచుండును.

ఈ రెండర్థముల భేదమే సర్వమునకును మూలము గనుక ఇచట కొంత నిలువవలయును. టైంజోను గల టైంస్టాంపు జగత్తున కంతటికిని ఒక్కటియైన క్షణమును యుటిసి యను ప్రపంచ ప్రమాణకాలపు లెక్కలో దాచి, చూచువాని ప్రాంతమును బట్టి దానిని పలుకును. వ్రాసినవాని ప్రాంతమేదో అది జ్ఞాపక ముంచుకొనదు. హైదరాబాదులో ఉదయము 9:30కు నమోదైన లావాదేవి యుటిసిలో 4:00. డాలస్‌లోని తెలుగు ఉద్యోగికి అది శీతకాలమున గడచిన రాత్రి 10:00గను, వేసవిలో 11:00గను కానవచ్చును. టైంజోను లేని టైంస్టాంపు గోడగడియారమును చూచి వ్రాసికొన్న అంకెల వంటిది. ఆ గోడ యేయూరిదో వేఱొకరు చెప్పవలసినదే.

అర్థమును కదల్పక దాచుతీరును మాత్రమే మార్చిన సందర్భము మఱియొకటి కలదు. పూర్వము పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ టైంస్టాంపును 2000 జనవరి 1 అర్ధరాత్రి మొదలు సెకన్లుగా, ఎనిమిది బైట్ల ఫ్లోటింగ్ పాయింట్ సంఖ్యగా దాచుచుండెను. ఆ తేదీకి దూరమైన కొలది మైక్రోసెకను సూక్ష్మత క్షీణించుచుండెను. మైక్రోసెకన్లను పూర్ణాంకముగా లెక్కించు పద్ధతిని మొదట ఐచ్ఛికముగా నిచ్చి, 2009లో 8.4వ వెర్షనులో దానినే సహజపద్ధతిగా జేసి, 2017లో 10వ వెర్షనులో పాతదానిని పూర్తిగా విడిచిరి. ఏ పద్ధతి వాడబడినదో డేటాబేసు తన కంట్రోల్ ఫైలులో వ్రాసికొనును. పాత క్రొత్త డేటాబేసుల పద్ధతులు పొసగనపుడు, వెర్షను మార్చు పరికరమైన పీజీ_అప్‌గ్రేడ్ ముందునకు సాగనీయదు. అట్టివారికి పీజీ_డంప్ చేత సమస్తమును చదువదగిన పాఠముగా వెలికితీసి, క్రొత్తదానిలో తిరిగి నింపుటయే దారి. లోపలి బైట్ల రూపము మారినను తేదీని వ్రాయు పాఠ్యరూపము మారలేదు గనుకనే ఆ దారి నిలిచినది.

2005లో 8.1వ వెర్షను, కాలవ్యవధిని తెలుపు ఇంటర్వల్‌లో నెలలు, కాలాంశము అనువాని నడుమ దినములకు వేఱుగా గడి నేర్పఱచినది. ఎందుకనగా గడియారమును ముందు వెనుకలకు జరుపు దేశములలో ఒక దినము 23 గంటలు గాని, 25 గంటలు గాని కావచ్చును. నేడు మన దేశమున ఆ యాచారము లేకుండుటచే, ఇచట వ్రాసి ఇచటనే పరీక్షించిన ప్రోగ్రాములో దినమును ఎల్లప్పుడును 24 గంటలుగా నెంచు దోషము కనబడదు. అయినను 1942 మొదలు 1945 వఱకు, యుద్ధకాలమున, భారతదేశపు గడియారము గంట ముందునకు జరిగి యుటిసికి ఆఱున్నర గంటలు ముందుండెనని టైంజోను పట్టికలలో నేటికిని వ్రాసియున్నది. ఐఎస్‌టీ అను సంక్షేపమును పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ తన సహజపట్టికలో ఇజ్రాయెల్ వేళగా నెంచునను సంగతియు మనవారు మఱువరాదు. భారతదేశపు సంక్షేపముల పట్టిక నెన్నుకొనుట గాని, ఏషియా/కోల్‌కతా యని పూర్ణనామము వ్రాయుట గాని శ్రేయస్కరము.

ఇక నిలువు వరుసయొక్క టైపును మార్చు పనివాడు ఆల్టర్ టేబుల్ ఆజ్ఞకు యూజింగ్ నిబంధనను చేర్చి, ఆ యంకెలు ఏ ప్రాంతపు గడియారమువో స్పష్టముగా చెప్పవలయును. పెద్ద పట్టికలో ఆ యాజ్ఞ సమస్తమును తిరుగవ్రాయుచు, అంతవఱకు ఇతరులను రానీయదు గనుక, క్రొత్త వరుసను ప్రక్కన చేర్చి, రెంటను వ్రాయుచు, పాతవానిని కొద్దికొద్దిగా నింపి, సరిపోల్చి, పిదప మారుట యుత్తమము. 12వ వెర్షను నుండి సెషను టైంజోను యుటిసి యైనచో తిరుగవ్రాయకయే టైంజోను లేని టైంస్టాంపు టైంజోను గలదిగా మారును. ఈ వేగమునకు ఆశపడి భారతీయ వేళలు గల పట్టికను అట్లు మార్చినవాడు ప్రతి విలువను ఐదున్నర గంటలు తప్పించినవాడగును.

ఇదే దృష్టితో చూచినపుడు మరియాడీబీ అను మఱియొక డేటాబేసు వారు 2024లో 11.5వ వెర్షనున జేసిన పని మెచ్చదగినది. 2038 జనవరి 19తో ముగియు టైంస్టాంపును, అదే నాలుగు బైట్లలో వాడుకలేని ఋణభాగమును ధనముగా నెంచి, 64 బిట్ల యంత్రములపై 2106 ఫిబ్రవరి 7 వఱకు పొడిగించిరి. సామాన్య పట్టికలలో దాచియున్న పాత విలువలు మారనక్కఱలేదు. మైఎస్‌క్యూఎల్ టైంస్టాంపునకు 2038 హద్దు నేటికిని కలదు. ముప్పదియేండ్ల ఋణమునకు గడువు తేదీ నిపుడే వ్రాయుచున్న బ్యాంకులు ఆ హద్దును దాటియే యున్నవి గనుక, తమ పట్టికలలోని ప్రతి కాలసూచికయు ఏ గడియారము ప్రకారము వ్రాయబడినదో మార్పును తలపెట్టుటకు ముందే వ్రాసియుంచుడని మన ఇంజనీర్లను వేడుచున్నాను.