పెరటి కోళ్ల పెంపకం

కోళ్లకేముంది, గింజలు చల్లితే అవే పెరుగుతాయనుకుంటారు చాలామంది. పెట్ట పొదుగుకొచ్చినప్పుడు ఆ ఇంటి ఇల్లాలిని గమనిస్తే తెలుస్తుంది సంగతి.

గంప అడుగున బూడిద చల్లి, పైన వరిగడ్డి పరుస్తుంది. బూడిద పేలు పట్టకుండా. గుడ్లు పది, పన్నెండుకు మించనివ్వదు. పెట్ట రెక్కల కింద ఇమిడినన్నే. వారం దాటాక దీపానికి అడ్డుపెట్టి చూస్తుంది. లోపల ఎర్రటి నరాలు కనిపిస్తే సరే, తెల్లగా ఉంటే ఆ గుడ్డు తీసేయాల్సిందే. 21 రోజులకు పిల్లలు పెంకు పగలగొడతాయి.

ఆ తర్వాతే అసలు పని. నూకలు, తవుడు అందరూ వేసేవే. చెదలు పట్టడం మాత్రం అందరికీ రాదు. పాతకుండలో పేడ, తడిపిన గడ్డి కూరి సాయంత్రం పుట్ట దగ్గర బోర్లించాలి. తెల్లారేసరికి కుండనిండా చెదలు. ఖర్చులేని మాంసకృత్తులు! ఇంటి దూలాలు తినే పురుగును కోడిపిల్లకు మేతగా మార్చిన బుర్రకు దండం పెట్టాలి.

గద్ద నీడ పడితే గంప కమ్మడం, కొక్కెర తెగులు రాకముందే కంట్లో టీకా చుక్క వేయించడం ఉండనే ఉన్నాయి. హైదరాబాద్‌ పరిశోధకులు రూపొందించిన వనరాజా, గ్రామప్రియ రకాలు నాటుకోడి కంటే ఎక్కువ గుడ్లు పెడతాయి. కానీ పొదగవు. అందుకే ఆ గుడ్లను కూడా నాటుపెట్ట కిందే పెడుతున్నారు.