'కొల్ల' నుండి 'దోపిడి' వరకు: శ్రీకాకుళ సాహిత్యంలో ఒక క్రియార్థ పరిశీలన

ఇంగ్లీషులో 'డెప్రెడేట్' అరుదుగా వినబడే క్రియ. కొల్లగొట్టు అని దాని అర్థం. కొల్లసొమ్ము, వేటలో చిక్కిన జంతువు అనే అర్థాలు గల 'ప్రైడా' అనే లాటిన్ పదం దానికి మూలం. ఆ పదాన్ని 'పట్టుకొను' అనే ధాతువుతో ముడిపెడతారు. తెలుగు 'కొల్ల' చరిత్ర కూడా ఇటువంటిదే. తమిళ 'కొళ్ళై', కన్నడ 'కొళ్ళె'లతో పోల్చి చూస్తే అది 'తీసుకొను' అనే అర్థం గల 'కొళ్' ధాతువును చేరుతుంది. మన 'కొను'కూ మూలం అదే. కొనడం, కొల్లగొట్టడం ఒకే వేరు నుండి మొలిచినవి. ఆ రెంటినీ వేరుచేసేది తీసుకొనే చర్య కాదు, తీసుకొనే హక్కు.

ఉద్దానం సాహిత్యాన్ని చదివేవారికి ఈ భేదం కీలకం. 1816–17లో పిండారీలు గంజాం జిల్లాపై పడ్డారు. టెక్కలి ప్రాంతం నాడు ఆ జిల్లాలోనిదే. అది నిస్సందేహంగా కొల్ల: గుర్రాలపై వచ్చారు, దోచుకొనిపోయారు. 1968 నవంబరులో గరుడభద్రలో భూస్వామి పొలంలోని పంటను ప్రజలు కోసుకొనిపోయారు. చట్టం దృష్టిలో ఇదీ దోపిడీయే. ఉద్యమం దృష్టిలో దోపిడి అంతకుముందే జరిగింది. కోత దానికి జవాబు. బొడ్డపాడులో అర్చకత్వం చేసిన సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథను చేపట్టి ఈ రెండవ అర్థాన్నే పల్లె శ్రోతల ముందుంచాడు. శ్రమఫలాన్ని నిత్యం హరించే వ్యవస్థకు పేరుగా 'దోపిడి' స్థిరపడడంలో ఇటువంటి ప్రజాకళల పాత్ర గణనీయం.

అయితే ఆ స్థిరత్వమే నేటి విమర్శకు చిక్కు తెచ్చింది. సిద్ధాంతవ్యాసాలలో 'దోపిడి' ముందే వేసిన ముద్రగా మారింది. కథలో ఎవరు, దేనిని, ఏ హక్కుతో తీసుకొన్నారన్న ప్రశ్న జారిపోతోంది. ఇదే జిల్లాకు చెందిన కాళీపట్నం రామారావు 'యజ్ఞం' ఇందుకు మంచి పరీక్ష. అందులో ఎవరూ ఇల్లు దోచరు. అప్పు నిజం, పత్రం నిజం, పంచాయితీ పెద్దల ధర్మచింతన కూడా నటన కాదు. అయినా బాకీ తీర్చడానికి ఒప్పుకోవడమంటే పిల్లల తరాన్ని పాలేరుతనానికి అప్పగించడమే. ఇక్కడ హరణం న్యాయం రూపంలోనే సాగుతుంది. దీనిని 'దోపిడి' అని ఒక్కమాటతో ముగిస్తే కథ కష్టపడి నిరూపించినదానిని మనం ఊరకే అనుకొన్నట్లవుతుంది.

కనుక ఈ ప్రాంత సాహిత్యంపై పరిశోధించేవారు 'దోపిడి'ని నామంగా గాక క్రియగా చదవాలి. క్రియకు కర్త, కర్మ ఉంటాయి. వాటిని వెదకడం తప్పనిసరి అవుతుంది. అనువాదకునికీ ఇదే గీటురాయి. పిండారీల చర్యకు, సాహుకారు లెక్కకు ఒకే ఇంగ్లీషు క్రియ సరిపోదు.