యూరల్ పర్వతముల కావల: ఒక అమెరికను కార్మికుని రష్యా జీవనచిత్రణము

అన్యదేశ జీవనమును వర్ణించు గ్రంథములు రెండు విధములు. యాత్రికుడు వ్రాసినవి కొన్ని, ప్రవాసి వ్రాసినవి కొన్ని. యాత్రికునికి కన్నదెల్ల క్రొత్తయే కావున వ్రాయుటకు విషయము కొదువ లేదు. చెన్నపట్టణ వాస్తవ్యుడైన ఏనుగుల వీరాస్వామయ్య 1830–31 సంవత్సరములలో కాశికి పోయి వచ్చి వ్రాసిన ‘కాశీయాత్ర చరిత్ర’ ఈ మొదటి తెగకు మేలుబంతి. మజిలీలు, నీటివసతులు, అంగళ్లు, ఆయా సీమలవారి ఆచారములు అందు శ్రద్ధగా వ్రాయబడినవి. ప్రవాసి మాట వేఱు. అతడు పరదేశమున కాపురముండి, అచటివారి భాషలో బేరమాడి, వారి నడుమ పనిచేసి కూలి పుచ్చుకొనును. మొదటి యేట వింతయై తోచినది మూడవ యేటికి అలవాటగును. అలవాటైనదానిని మఱల తేఱిపాఱ చూచి వ్రాయగలుగుటయే ప్రవాసి గ్రంథమునకు పరీక్ష.

ఈ పరీక్షకు నిలిచిన గ్రంథములలో జాన్ స్కాట్ అను అమెరికను వ్రాసిన ‘బిహైండ్ ది యూరల్స్’ ఒకటి. ఇది 1942లో వెలువడినది. రష్యాదేశపు ఉక్కునగరమున కార్మికుడుగా బ్రతికిన అయిదేండ్ల అనుభవము ఇందలి వస్తువు. పరదేశీయుడు ఒక జాతి నిత్యజీవితమును ఎంతవరకు ఎఱుగగలడు, ఏది యతనికి అందక పోవును అను ప్రశ్నకు ఈ గ్రంథము చెప్పు సమాధాన మెట్టిదో పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము.

గ్రంథకర్త, నగరము

స్కాట్ 1912లో జన్మించెను. తండ్రి స్కాట్ నియరింగ్ సామ్యవాద రచయితగా అమెరికాలో పేరొందినవాడు. కుమారుడు విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున రెండేండ్లు చదివి, 1931లో చదువు చాలించెను. అమెరికాలో అది ఆర్థికమాంద్య కాలము. మిల్లులు మూతపడి, పనిచేయగల చేతులకు పని లేకుండెను. అదే సమయమున సోవియట్ ప్రభుత్వము పంచవర్ష ప్రణాళికతో ఊరూర కర్మాగారములు కట్టుచు చేతిపని యెఱిగినవారికై వెదకుచుండెను. స్కాట్ వెల్డింగు నేర్చుకొని, 1932లో తన యిరువదవ యేట మాగ్నిటోగోర్స్కు చేరెను.

ఉరాల్ నది యొడ్డున, ఇనుపరాతి కొండ ప్రక్కన, బయలు ప్రదేశమున వెలసిన నగర మిది. పనులు 1929లో మొదలయ్యెను. అమెరికాలోని గ్యారీ ఉక్కునగరమును నమూనాగా గైకొనిరి. అమెరికను ఇంజనీర్ల సలహాయు పొందిరి. 1932 ఆరంభమున మొదటి బ్లాస్టు ఫర్నేసునుండి ఇనుము వెలువడెను. కొలది యేండ్లలో జనసంఖ్య రెండు లక్షలు దాటెను. తరువాతి కాలమున సోవియట్ సహాయముతో నెలకొన్న భిలాయి, విశాఖపట్టణము కర్మాగారములు తెలుగువారికి తెలిసినవే. అట్టి కర్మాగారము మంచుబయలున, చాలీచాలని పనిముట్లతో పుట్టునప్పుడు కూలివాని బ్రతుకు ఎట్లుండునో ఈ గ్రంథమునుబట్టి తెలియును.

ఆచారములు పనిలోనే కానవచ్చుట

రష్యనుల ఆచారములు, భోజనము, వేషభాషలు అని అధ్యాయములు విభజించుకొని వ్రాయుట స్కాట్ పద్ధతి కాదు. గ్రంథారంభమున అతడు 1933 నాటి ఒక్క చలికాలపు దినమును తీసికొని, తెల్లవారకముందు మొదలిడి రాత్రి వఱకు నడపించును. చెక్కలతో కట్టిన బారకాసు, అందొక చిన్న గది, గదిలో నొక పొయ్యి, తోడుండు కోల్యా అను రష్యను యువకుడు. చీకటిలోనే లేచి, ఉన్నిని మర్దించి చేసిన ‘వాలెంకీ’ బూట్లు తొడిగికొని, గడ్డకట్టిన నేలపై పనికి నడచుట. ఇంతలోనే ఆ దేశపు చలి యెట్టిదో, దానికి మనుష్యులు చేసికొన్న ఉపాయము లెట్టివో పాఠకునికి బోధపడును. వివరణకై వేఱొక వాక్యము అక్కఱలేదు.

భోజనశాల వర్ణనయు ఇట్టిదే. ఒకడు బల్లకడ కూర్చుండి తినుచుండగా వాని వీపు వెనుకనే మఱొకడు తన వంతుకై నిలుచుండును. చేత రేషను కార్డు, కంటియెదుట రొట్టె. కఱవునుగూర్చి పుటలకొలది చెప్పదగినది ఈ నిలుచున్నవాని చూపులో నిమిడిపోయినది. తినువాడు తొందరపడుట, వెనుకవాడు ఓర్చుకొనుట, ఇరువురును దానిని తప్పుగా నెంచకుండుట గమనింపదగినవి. లేమినుండి పుట్టిన మర్యాద యిది. దినదినము ఆ వరుసలో తానును నిలిచినందున స్కాట్ దానిని హేళనగాగాని, జాలిగాగాని వ్రాయలేదు.

పాత్రలను ఎన్నుకొనుటలో అతని నేర్పు ఇంకను మెచ్చదగినది. ఖైబులిన్ అను తాతారు కార్మికుడు ఒకడు. మాగ్నిటోగోర్స్కు వచ్చువఱకు అతడు మేడమెట్లనుగాని, రైలింజనునుగాని, విద్యుద్దీపమునుగాని చూచి యెఱుగడు. ఏడాది తిరుగకముందే అతడు బ్లాస్టు ఫర్నేసు కట్టువారిలో నొకడయ్యెను. షాబ్కోవ్ అనువాడు కులక్ వంశీయుడు, అనగా సంపన్నరైతు బిడ్డడు. భూమి, ఇల్లు ప్రభుత్వపరము కాగా ఇచటికి చేర్పబడినవాడు. పని నడుమ చలి కాచుకొనుచు అతడు తన కుటుంబము చెదరిన కథ తోటివారికి చెప్పును. వినువారిలో ఆ విధానమును సమర్థించువారును కలరు. అయినను పొయ్యి చుట్టు అందఱికిని చోటు కలదు. విరుద్ధాభిప్రాయములు ఒకే సెగకు చేతులు చాచిన ఈ చిత్రము గ్రంథమందలి ఉత్తమ ఘట్టములలో నొకటి.

ఆ దినముననే పైన పనిచేయుచున్న ఒక కార్మికుడు జారిపడును. పరంజా సరిగా లేకుండుట, మంచు పేరుకొనుట, తొందర అనునవి కారణములు. కార్మికులు కొంతసేపు మాటలాడుకొందురు, పిమ్మట పని సాగును. స్కాట్ ఇచట కంటతడి పెట్టించు ప్రయత్నము చేయలేదు. మరణము సైతము దినచర్యలో నొక భాగమైన చోట బ్రతుకు ఎంత కఠినమో పాఠకుడే గ్రహించును.

రాత్రియైన పిదప ఇదే జనము బడికి పోవుదురు. పగలు పరంజాలపై అలసిన యువకులు సాయంకాలము గణితమో, లోహశాస్త్రమో, రాజకీయమో చదువుదురు. స్కాట్ కూడ వారితోబాటు విద్యార్థియయ్యెను. ఆకలిగొన్నవారు ఇంత ఆసక్తితో ఏల చదివిరి? రేపు తమదను నమ్మకముచేత అని గ్రంథము చెప్పక చెప్పును. కఱవును చూచి ఈ నమ్మకమును చూడనివారును, నమ్మకమును చూచి కఱవును కప్పిపుచ్చినవారును ఆ కాలమున పెక్కురు వ్రాసిరి. రెంటిని ఒకే దినములో చూపుట స్కాట్ ప్రత్యేకత.

సమత్వము చాటు దేశమున గల అంతరములను సైతము అతడు దాచలేదు. భోజనశాలలలో తరగతులు కలవు. విదేశీయులకు వేఱుగ సరకులమ్ము అంగళ్లు కలవు. విదేశ నిపుణులకై కట్టిన మంచి యిండ్లలో పిమ్మట కర్మాగారపు పెద్దలు కాపురముండిరి. బారకాసులోని బురదకును ఆ యిండ్ల తోటలకును నడుమగల దూరమును అతడు నడచి కొలిచినవాడు.

భాష యొక్క పాత్ర

ఇంతటి దర్శనమునకు మూలము భాష. ప్రసిద్ధ రచయిత జాన్ స్టైన్‌బెక్ 1947లో సోవియట్ దేశమున పర్యటించి, 1948లో ‘ఎ రష్యన్ జర్నల్’ ప్రకటించెను. ప్రతిభలో అతడు స్కాట్ కంటె ఎంతయో పెద్ద. కాని రష్యను భాష రాదు. దుబాసి పలికించిన మేరకే జనము అతనితో పలికిరి. స్కాట్ మొదటి నెలలలో తడబడినను, తోటి కార్మికుల నోటినుండియే ఆ భాష నేర్చెను. అందుచేత ఒకరితో నొకరు మాటలాడుకొను మాటలు అతని చెవిని పడెను. పరదేశీయునితో జనము చెప్పుమాట వేఱు, తమలో తాము చెప్పుకొనుమాట వేఱు. అన్యభాషా ప్రాంతములలో తరతరములుగా కాపురమున్న తెలుగువారికి ఈ భేదము విడమఱచి చెప్పనక్కఱలేదు.

చూచువానిని చూచిన కన్ను

గ్రంథమున మాషా అను యువతి ప్రవేశముతో దృష్టి తలక్రిందులగును. ఆమె రష్యను రైతుబిడ్డ, ఆ నగరమున చదువుకొనుచుండెను. పిదప స్కాట్ భార్య యయ్యెను. ఆమె చూచిన మొదటి అమెరికను ఇతడే. ధనిక దేశమునుండి వచ్చినవాడు దర్జాగా నుండునని తలచిన ఆమెకు, మాసిన బట్టలతో, చిక్కిన దేహముతో ఉన్న ఇతడు దిక్కులేని పిల్లవానివలె కనబడెను. పెట్టుబడిదారీ పీడనవలన ఇట్లైనాడని ఆమె జాలిపడెను. రష్యనులను పరిశీలింప వచ్చినవాడు తానే పరిశీలింపబడుటయు, ఆ పరిశీలన తప్పుదారి పట్టుటయు నవ్వు పుట్టించును. కాని లోతైన పాఠము కూడ ఇందు కలదు. తాను చదివిన పాఠ్యపుస్తకములనుబట్టి ఆమె అమెరికాను ఊహించినట్లే, అమెరికనులును తమ పత్రికలనుబట్టి రష్యాను ఊహించుచుండిరి. ఈ ఘట్టమును తన గ్రంథమున చేర్చుట స్కాట్ నిజాయితీకి నిదర్శనము. 1945లో పెర్ల్ బక్ మాషాతో జరిపిన సంభాషణలను ప్రత్యేక గ్రంథముగా ప్రకటించెను. రెంటిని కలిపి చదివినవారికి ఒకే కాపురము రెండు వైపులనుండి కనబడును.

లోపము

ఇంత మేలైన గ్రంథమున లోపము లేకపోలేదు. 1937 నాటి రాజకీయ ప్రక్షాళనలో అధికారులు, ఇంజనీర్లు, కార్మికులు పెక్కురు నిర్బంధింపబడిరి. విదేశీయులను అనుమానించిరి. స్కాట్ పని కోల్పోయెను. ఆ భయము గ్రంథమున కలదు. కాని ముగింపునకు వచ్చుసరికి రచయిత లెక్కలు వేయును. యూరల్ పర్వతముల కావల ఇంత ఉక్కు సిద్ధమైనది గనుకనే రష్యా జర్మనీ దాడికి తట్టుకొనగలదని అతని వాదము. 1942లో అమెరికా, రష్యా యుద్ధమిత్రములు. మాగ్నిటోగోర్స్కు ఉక్కు టాంకులకు ఉపయోగపడిన మాటయు నిజమే. అయినను ఈ వాదములో షాబ్కోవ్ కుటుంబము, పరంజానుండి పడిన కార్మికుడు, గుడారములలో చలికి మడిసినవారు ఉక్కునకు చెల్లించిన వెలగా మాఱిపోయిరి. వెల చెల్లించినవారిని ఎవ్వరును అడుగలేదు. మొదటి అధ్యాయమున మనుష్యులుగా కనబడినవారు చివఱి అధ్యాయమున అంకెలగుట విమర్శకుడు ఎత్తిచూపవలసిన దోషము.

ఈ దోషమునకు కారణమేమి? స్కాట్ ఆ జనముతో పని, తిండి, భాష, చలి పంచుకొనెను. ఒక్కటి మాత్రము పంచుకొనలేదు. అతనికి తిరిగిపోవు దారి కలదు. మాషాకు దేశము విడుచుటకు అనుమతి లభించువఱకు ఏండ్ల తరబడి వేచియుండవలసి వచ్చెను. అంతకాలము అతడు మాస్కోలో పత్రికావిలేఖరిగా పనిచేసెను. 1941లో కుటుంబముతో వెడలిపోయెను. వెడలిపోయినవాడు లెక్కవేయగలడు.

పోలికకు రాబర్ట్ రాబిన్సన్ గ్రంథము చూడవలెను. జమైకాలో పుట్టి, డెట్రాయిట్ ఫోర్డు కర్మాగారమున పనిముట్లు చేయు ఈ నల్లజాతి కార్మికుడు 1930లో స్టాలిన్‌గ్రాడ్ ట్రాక్టరు కర్మాగారమునకు పోయెను. అచట తెల్ల అమెరికను కార్మికులు ఇరువురు అతనిపై చేయిచేసికొనగా, సోవియట్ ప్రభుత్వము వారిని విచారించి శిక్షించెను. రాబిన్సన్ పేరు దేశమంతట మ్రోగెను. 1934లో మాస్కో సోవియట్ సభ్యుడయ్యెను. పిమ్మట సోవియట్ పౌరుడయ్యెను. ఆపై ఎన్ని మాఱులు యత్నించినను దేశము విడువ సాధ్యము కాలేదు. 1974లో ఉగాండాకు పోవు నెపమున బయటపడి, 1988లో ‘బ్లాక్ ఆన్ రెడ్’ ప్రకటించెను. అది నలువదినాలుగేండ్ల కథ. స్కాట్ గ్రంథములోని పొయ్యి చుట్టటి సంభాషణల వెచ్చదనము ఇందు తక్కువ. ఎవనిని నమ్మవలెనో తెలియని బ్రతుకులో మాటలు పొదుపుగా నుండుట సహజము. వర్ణభేదము లేదని చాటిన దేశమున తన కెదురైన వర్ణభేదమును అతడు వ్రాసెను. సహోద్యోగులు ఒక్కొక్కరే కనబడకపోవుటను వ్రాసెను. స్కాట్ భయమును చూచెను, రాబిన్సన్ భయముతో ముసలివాడయ్యెను. చూపు విశాలతలో స్కాట్ గ్రంథము అధికము. తిరిగిరాలేనివాని సత్యము రాబిన్సన్ గ్రంథమునకే చెల్లినది. ఒకటి లేక రెండవది అసమగ్రము.

ఉపసంహారము

ప్రవాసి రచనను తూచుటకు ఈ పరిశీలనవలన మూడు ప్రమాణములు తేలుచున్నవి. అతడు అచటివారి భాషలో వినెనా? వారి పనిలో పాలు పొందెనా? వారు తన్ను ఎట్లు చూచిరో వ్రాయుటకు చోటిచ్చెనా? స్కాట్ గ్రంథము ఈ మూడింట నిలిచినది. వీని కావల నాలుగవది కలదు: వారి విధి తన విధి యయ్యెనా? ఇచట మాత్రము అది తలవంచును.

బరంపురమున పుట్టి, మాస్కోలో అనువాదకుడుగా పనిచేసి, రష్యను గ్రంథములను తెలుగు చేసిన ఉప్పల లక్ష్మణరావు ‘బతుకు పుస్తకము’ వ్రాసి ఈ త్రోవలో మనకు దారి చూపెను. షోలాపురము మగ్గముల నడుమ, బళ్లారి, హోసూరు, బరంపురము వీథులలో పొరుగుభాషవారితో తరతరములుగా బ్రతికిన తెలుగువారికి చెప్పవలసినది మిక్కిలి కలదు. వీరికి తిరిగిపోవు దారి యను ప్రశ్నయే లేదు. ఆ నేలయే వారి నేల. అట్టివారు తమ ఒక్క దినమును, తెల్లవారకముందు మొదలిడి రాత్రి వఱకు, పొరుగువారి మాటను సైతము చేర్చి వ్రాసినచో, స్కాట్‌నకు అందనిది వారికి అందును.