పరుఁడెవ్వఁడు?

ఆల్బేర్ కామూ 1942వ సంవత్సరమునఁ బారిసు నగరమునఁ బ్రకటించిన 'లేత్రాంజే' యను నవలకుఁ బేరే ప్రథమప్రశ్న. ఫ్రెంచిభాషయం దీ శబ్దమునకుఁ బరదేశీయుఁడు, అపరిచితుఁడు, సంబంధము లేనివాఁడు అను మూఁడర్థములు గలవు. 1946వ సంవత్సరమున స్టూవర్ట్ గిల్బర్టు చేసిన యాంగ్లానువాదము లండనున 'ది ఔట్‌సైడర్' అనియు, న్యూయార్కున 'ది స్ట్రేంజర్' అనియు వెలువడెను. ఒక్కొక పేరును మూలార్థమునం దొక్కొక యంశమును మాత్రమే పట్టుకొనినది. తెలుఁగునఁ 'బరుఁడు' అను మాట యీ మూఁటికిని జాలును. కాని పరశబ్దము సాపేక్షము. ఎవనికిఁ బరుఁడు, దేనికిఁ బరుఁడు అని విచారింపక యర్థము తేలదు. కథానాయకుఁడైన మెర్సో సంఘమునకుఁ బరుఁడనుట ప్రసిద్ధమైన సమాధానము. అది సత్యమే గాని సంపూర్ణము గాదు.

మెర్సో ఆల్జియర్సు నగరమం దొక గుమాస్తా. మారెంగోయందలి వృద్ధాశ్రమమునఁ దల్లి మరణించినపు డతఁడు కన్నీరు విడువఁడు. అంత్యక్రియల మఱునాఁడు సముద్రస్నానము చేసి హాస్యచిత్రమును జూచును. కొన్నాళ్ళకు సముద్రతీరమున, నెండకుఁ గన్నులు మిఱుమిట్లు గొనఁగా, నొక యరబ్బును గాల్చును; పడినవానిపై మఱి నాలుగు గుండ్లు ప్రేల్చును. విచారణమునం దభియోక్త హత్యకంటెఁ దల్లి శవముకడ నేడ్వకపోవుటనే పెద్ద నేరముగఁ జూపును. అనుభవించినదానికంటె నెక్కువ పలుకకుండుటయే మెర్సో పరత్వము. 1955వ సంవత్సరమునఁ గామూ వ్రాసిన పీఠికయు నీ యర్థమునే సమర్థించుచున్నది.

శైలియు దీనికే తోడ్పడును. ప్రథమభాగమున వాక్యములు చిన్నవి. కారణమును దెలుపు పదములు విరళములు. ఈ వాక్యముల పరస్పరవియోగమును సార్త్రు 1943వ సంవత్సరముననే గుర్తించెను. ద్వితీయభాగమున న్యాయస్థానము చేయునది యేమనఁగా, ఆ విడివిడి సంగతులను 'కాఁబట్టి' యను మాటతోఁ గుట్టుట. తల్లికై యేడ్వలేదు, కాఁబట్టి క్రూరుఁడు. క్రూరుఁడు, కాఁబట్టి వధ్యుఁడు. అస్తిత్వవాది యను పేరును గామూ నిరాకరించినను, లోక మీ నవల నా వాదకథలలోఁ జేర్చి చదువుటకు జీవితమునకును హేతువునకును నడుమ నిట్లు చూపఁబడిన యెడమే ముఖ్యకారణము.

ఇంతవఱకు విమర్శ సుగమము. కాని చంపఁబడినవాని పేరేమి? నవలయం దది లేదు. సాక్షులలో నతని బంధు వొక్కఁడును లేఁడు. కథ చెప్పువాఁడు మెర్సోయే కావున నీ లోప మతనిది గాని కర్తది గాదని కొంద ఱనవచ్చును. ఆ సమాధానము నిలువదు. ఏమియుఁ బట్టని యా మెర్సోకే భోజనశాల నడపు సెలెస్తు పేరును, కుక్కను బెంచు ముసలివాఁడగు సలమానో పేరును జ్ఞప్తియం దున్నవి. అరబ్బులలో నొక్కనికిని బేరు లేదు. ఫ్రెంచిపాలనమందలి ఆల్జీరియాలో నరబ్బు స్వదేశముననే పరుఁడు. మెర్సో మితభాషిత్వము స్వయంకృతము. అరబ్బునకు మాటయే యీయఁబడలేదు. న్యాయస్థానమున కున్న చెవిటితనమును జక్కఁగఁ జూపిన గ్రంథము మృతునియెడఁ దానును జెవిటిదయ్యెను.

ఆల్జీరియా రచయిత కామెల్ దావూదు 2013వ సంవత్సరమునఁ బ్రకటించిన నవలయందు మృతుని తమ్ముఁడు హారూను కథకుఁడై, యన్నకు మూసా యను పేరు నిచ్చెను. దీనివలనఁ గామూ గ్రంథము తగ్గలేదు. దాని పేరునకుఁ గల రెండవ యర్థము వెలికి వచ్చినది. ఈ నవలను బాఠముగఁ జెప్పువారు మెర్సోనుగూర్చి యడుగు ప్రశ్ననే యిసుకపైఁ బడియున్నవానిఁగూర్చియు నడుగవలయును. అప్పుడే 'పరుఁడు' అను శబ్దమునకు న్యాయమగును.