కొరాపుట్, రాయగడల తెలుగు రంగస్థలము – పాత్రధారుల ఎంపిక

నాటకము ప్రదర్శింపబడు రాత్రి ప్రేక్షకుడు గుణదోషములను నటునియందు వెదకును. కాని ఆ గుణదోషములలో పెక్కు తెర లేచుటకు నెలల ముందే, ఏ పాఠశాల గదిలోనో, ఏ కోవెల మండపములోనో, హార్మోనియము చుట్టును నలుగురు పెద్దలు చేరి "ఈ వేషము ఎవరికి?" అని తలపోసిన సాయంకాలముననే నిర్ణయమై యుండును. నాటక విమర్శకులు ప్రదర్శనమును గూర్చి వ్రాసినంతగా ఈ ఎంపికను గూర్చి వ్రాయలేదు. కొరాపుట్, రాయగడ జిల్లాల తెలుగువారి విషయమున ఈ ఉపేక్ష మరింత హానికరము. ఏలన, ఇచట నటుని ఎన్నుకొనుట యనగా, రాబోవు తరమున తెలుగు ఎవరి నాలుకపై నిలువవలెనో ఎన్నుకొనుటయే.

ఈ సీమ 1936 ఏప్రిల్ 1వ తేదీ వరకు చెన్నరాజధానిలోని విశాఖపట్టణము జిల్లాలో భాగము. ఆ దినమున ఒడిస్సా ప్రత్యేక రాష్ట్రముగా ఏర్పడగా కొరాపుట్ జిల్లా అందు చేరినది. 1992లో ఆ జిల్లా విభజింపబడి రాయగడ వేరు జిల్లా అయినది. జయపురాధీశుడు శ్రీ విక్రమదేవవర్మ (1869–1951) తెలుగు, ఒడియా భాషలు రెంటను రచనలు చేసిన విద్వాంసుడు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ఏటేట లక్ష రూపాయలు ఒసగిన దాత. సరిహద్దు గీత గీయబడినను, విజయనగరము నుండి పార్వతీపురము మీదుగా రాయగడకు పోవు రైలుమార్గమున పాటయు పద్యమును ప్రయాణము మానలేదు. మారినది బిడ్డల చదువు. ఇంట తెలుగు పలుకుచు బడిలో ఒడియా చదువు బాలుడు తెలుగు పద్యమును చెవితో ఎరుగునే గాని కంటితో ఎరుగడు. ఇట్టి వానిని ఎదుట నిలుపుకొని ఎంపిక జరుపవలసి వచ్చుటయే ఇచటి నాటకసమాజముల ప్రత్యేక సమస్య.

తెలుగు రంగస్థల చరిత్రమున ఎంపికకు మూడు మార్గములు కానవచ్చుచున్నవి. మొదటిది బడిమార్గము. 1880లో కందుకూరి వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున "వ్యవహార ధర్మబోధిని"ని తమ విద్యార్థులచే ఆడించిరి. అచట ఎన్నుకొన్నవాడు ఉపాధ్యాయుడు, ఎన్నికైనవాడు శిష్యుడు. రెండవది ఇంటిమార్గము. 1885లో కడప జిల్లా సురభి గ్రామమున "కీచకవధ"తో ఆరంభమైన సురభి నాటకసమాజమున బిడ్డ బాలపాత్రతో రంగమెక్కి, తెరప్రక్కనుండి పెద్దల పాత్రలు వినుచు పెరుగును. పరీక్ష ప్రత్యేకముగ లేదు, బ్రతుకంతయు పరీక్షయే. మూడవది కంట్రాక్టు మార్గము. పేరుమోసిన కృష్ణుని ఒక ఊరినుండి, అర్జునుని మరియొక ఊరినుండి పిలిపించి, ఒకే రాత్రి ఒకే వేదికపై నిలుపుట. ఈ మార్గమున గొప్ప గాత్రములను ప్రజలు విన్న మాట సత్యము. బొబ్బిలి ప్రాంతీయుడగు పీసపాటి నరసింహమూర్తి వంటి కృష్ణుని చూచినవారు జీవితాంతము తలచుకొందురు. కాని ఈ మార్గము నటులను కూర్చినదే గాని పుట్టించినది కాదు.

సరిహద్దునకు ఈవలనున్న ఔత్సాహిక సమాజము ఈ మూడింటిలో దేనిని అనుసరింపవలెను? తరచుగ కంట్రాక్టు పద్ధతియే ఆకర్షించును. ముఖ్యపాత్రలకు వెలుపలివారిని రప్పించి, స్థానిక యువకులకు ద్వారపాలకుని బల్లెము, భటుని తలపాగా మిగుల్తురు. ఒకవేళ స్థానికులకే అవకాశమిచ్చినను, శ్రుతి పెట్టి "ఒక పద్యము పాడుము" అని అడిగి, రాగము సాగినంత సేపు విని, సాగకున్న పంపివేయుట ఆచారము. ఇక చందా ఎక్కువ వ్రాసినవానికి వేషము పెద్దదగుటయు లోకమెరిగినదే. ఈ మూడు అలవాట్లలో మొదటిది బద్ధకము, రెండవది భ్రమ, మూడవది దోషము. దోషమును అందరును గుర్తింతురు. భ్రమను గుర్తించుటయే కష్టము; కావున దానినే విచారింపవలెను.

పాడగలవాడే నటుడను భావము శాస్త్రసమ్మతము కాదు. భరతుని నాట్యశాస్త్రము శిష్యునకు ఆరు గుణములు చెప్పినది: మేధ, స్మృతి, గుణశ్లాఘ, రాగము, సంఘర్షము, ఉత్సాహము. ఇందలి రాగము సంగీతపు రాగము కాదు, విద్యయందలి అనురక్తి. సంఘర్షమనగా తోడివారితో పోటీపడు స్వభావము. గుణశ్లాఘ యనగా ఇతరుల గుణమును గుర్తించి మెచ్చుట. ఈ ఆరింటిలో కంఠమాధుర్యము పేరైనను లేదు. పాత్రల పంపకమును గూర్చి చెప్పుచు ఆ శాస్త్రమే నడక, వాక్కు, అంగసౌష్ఠవము, చేష్టలు పరిశీలించి పాత్రను ఇమ్మన్నది. గాత్రము నటుని సంపదలలో ఒకటి మాత్రమే. రాగాలాపనము హద్దు మీరి పాత్రను మ్రింగివేయుటను బళ్ళారి రాఘవ (1880–1946) నిరసించినాడు. ఆ నిరసన సంగీతముపై ద్వేషము కాదు, నాటకముపై గౌరవము.

ఇక ఉచ్చారణ విషయము. "ఒడిస్సా పిల్లలకు తెలుగు నాలుక తిరుగదు" అని సరిహద్దునకు ఆవలివారు అనుట కలదు. ఈవలివారు తలవంచి అంగీకరించుటయు కలదు. రెండును తొందరపాటులే. ఒడియా చదువు వలన నాలుకకు కలుగు నష్టమెంత, లాభమెంత యని విడివిడిగ లెక్కింపవలెను.

నష్టము మొదట చూతము. ఒడియా పలుకుబడిలో ఇ–ఈలకు, ఉ–ఊలకు హ్రస్వదీర్ఘ భేదము వ్రాతలోనే గాని నోట నిలువదు. ఎ–ఏ, ఒ–ఓ అను జంటలు ఆ భాషకు లేనేలేవు. తెలుగున నెల వేరు, నేల వేరు. తెగ వేరు, తేగ వేరు. కొడి వేరు, కోడి వేరు. వచనమున ఈ తడబాటును సందర్భము కప్పిపుచ్చును, పద్యమున కప్పిపుచ్చలేదు. ఉత్పలమాల గురువుతో మొదలగును. ఆ గురువును రెండు లఘువులుగ విడదీసిన అదియే చంపకమాల. మొదటి దీర్ఘమును హ్రస్వముగ పలికినవాడు ఉత్పలమాలను చంపకమాలగను చేయలేడు, ఉత్పలమాలగను ఉంచలేడు. పద్యము తొలి అడుగుననే కుంటుపడును. అట్లే పదాది యకారము జకారమై "యుద్ధము" "జుద్ధము" అగును. వకారము బకారమై "వనము" "బనము" అగును. ఇందు ఒక విశేషమున్నది. వ, బ లకు యతిమైత్రి కలదు గనుక రెండవ దోషము చెవికి కటువైనను యతిని చెరుపదు. య, జ లకు మైత్రి లేదు గనుక మొదటి దోషము యతినే భంగపరచును. కావున దిద్దుటలో ముందుగ దిద్దవలసినది ఏదియో ఛందస్సే చెప్పుచున్నది.

ఇక లాభము. నేటి తెలుగు వ్యవహారమున ణకారము నకారములోను, ళకారము లకారములోను కలిసిపోవుచున్నవి, ఒత్తక్షరములు తేలిపోవుచున్నవి. "భారతము" "బారత"మగుట తెలుగునాట వింత కాదు. ఒడియా చక్కగ చదివిన బాలుడు ణ, ళ లను స్పష్టముగ పలుకును. ఖ, ఘ, ధ, భ లను ఒత్తి పలుకును. సంస్కృత సమాసములు నిండిన పౌరాణిక నాటకమున ఇది చిన్న సంపద కాదు. అతనికి లేనిది దీర్ఘము, అతనికున్నది మహాప్రాణము. ఉన్నదానిని చూడక లేనిదానినే చూచి పంపివేయు పరీక్షకుడు సగము చెవితో విన్నవాడగును.

ఇంకొక మాట. ప్రతి నాటకమునకు ఒకే ఉచ్చారణము కావలెననుటయు సరికాదు. గురజాడ అప్పారావుగారి "కన్యాశుల్కము" 1892లో విజయనగరమున తొలిసారి ప్రదర్శింపబడినది. ఈ కొండల దిగువనున్న ప్రజల పలుకుబడియే ఆ నాటకమునకు ప్రాణము. పాత్రకొక నుడికారము అందు కలదు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగ నుండిన గిడుగు రామమూర్తి పంతులుగారు వాడుకభాషకై పోరాడుటయే కాక, సవర భాషను తాము నేర్చి ఆ భాషవారికి చదువు చెప్పించిరి. శిష్యుని నాలుకను తక్కువ చేయక, ముందు దానిని తెలిసికొనుట వారి మార్గము. ఈ సీమ గురువులకు ఇంతకంటె దగ్గరి దృష్టాంతము అక్కరలేదు. సాంఘిక నాటకమున కొరాపుట్ తెలుగు ఒక యాస. పౌరాణిక పద్యనాటకమున దిద్దదగిన అభ్యాసము. రెండింటిని ఒకే త్రాసున తూచుట న్యాయము కాదు.

స్త్రీపాత్రల ఎంపికయు ఇట్లే ఆలోచింపదగినది. భరతుడు పాత్రధారణమును మూడు విధములుగ విభజించెను: వయస్సు, స్త్రీపుంస భేదము సరిపోయినది అనురూప, బాలుడు వృద్ధుడుగ, వృద్ధుడు బాలుడుగ నటించునది విరూప, పురుషుడు స్త్రీగ నటించుట వంటిది రూపానుసారిణి. స్థానం నరసింహారావు (1902–1971) సత్యభామగ ఈ మూడవదానిని శిఖరమున నిలిపెను. స్త్రీపాత్రలను స్త్రీలే ధరింపవలెనని వాదించిన రాఘవ మొదటిదానికై నిలిచెను. సురభిలో స్త్రీలు తొలినుండియు రంగమెక్కిరి. ఇంత చరిత్ర యుండగా, నేడు ఊరిలోని చదువుకొన్న ఆడపిల్లలను పరీక్షకైనను పిలువక, నటీమణిని దూరమునుండి రప్పించుట ఏ సంప్రదాయమునకును చెందదు.

దీనికి ఒక ఆక్షేపణ కలదు. అది త్రోసిపుచ్చదగినది కాదు. "ప్రేక్షకుడు పద్యము కొరకు వచ్చును. గాత్రములేని కృష్ణుని ఎదుట తెల్లవారువరకు ఎవరు కూర్చుందురు? ప్రేక్షకుడు లేచిపోయిన పిమ్మట స్థానికుడైన నటుడు ఎవరికొరకు?" అందురు. నిజమే. అభిరుచిగల ప్రేక్షకుని పోగొట్టుకొని సాధించు న్యాయము సమాజమును నిలుపదు. కాని అతిథినటుని వలదనుట వేరు, అతనిని ఎట్లు వినియోగింపవలెనో తెలియుట వేరు. అతిథి ఒక రాత్రికి గాక ఒక పక్షమునకు రావలెను. ఒక పాత్ర ధరింపవలెను. అదే పాత్రకు ఒక స్థానిక యువకుని సిద్ధపరుపవలెను. అపుడు అతనికిచ్చిన సొమ్ము ఖర్చు కాక పెట్టుబడి యగును.

రాబోవు నాటక ఋతువునకు సమాజములు ఎంపిక జరుపునపుడు ఈ క్రమము ఆచరణయోగ్యము. పద్యముకంటె ముందు వచనము చదివింపవలెను. ఎరిగిన ఘట్టము కాక ఎరుగని ఘట్టము ఇయ్యవలెను. తెలుగు లిపి రానివానికి ఒడియా లిపిలో వ్రాసి ఇచ్చుట అవమానము కాదు. ఐతే ఎ–ఏ, ఒ–ఓ భేదమునకు ఆ లిపిలో గుర్తులు లేవు గనుక దీర్ఘములకు ప్రత్యేక చిహ్నము పెట్టవలెను. ఇద్దరిని ఎదురెదురుగ నిలిపి సంభాషణము చెప్పింపవలెను. తన మాట పలుకునపుడు కాదు, ఎదుటివాని మాట వినునపుడే నటుడు బయటపడును. తప్పులను చెప్పి, పది దినముల గడువిచ్చి, మరల పిలువవలెను. మొదటి దినమున బాగుగ పాడినవానికంటె, పది దినములలో ఎక్కువ దిద్దుకొన్నవాడే ఆ ఋతువునకు ఎక్కువ ఉపయోగపడును. మేధ, స్మృతి, ఉత్సాహములు తెలియవచ్చునది ఈ రెండవ పిలుపుననే. కలకత్తా చిత్‌పూరునందలి యాత్రాసమాజములు రథయాత్రనాడు క్రొత్త ఋతువునకు నాంది పలుకుట ఆనవాయితీ. అట్లే ఇచటివారును దసరా ప్రదర్శనములకై ఆషాఢముననే ఎంపిక ఆరంభించిన, ఈ గడువు దుర్లభము కాదు.

నాట్యశాస్త్రము శిష్యుని గుణములను చెప్పి ఊరకుండలేదు. ఆచార్యుని గుణములనుకూడ చెప్పినది. వానిలో శిష్యనిష్పాదనము, అనగా శిష్యుని తయారుచేయు నేర్పు, ఒకటి. కావున ఎంపిక జరుగు సాయంకాలమున పరీక్షకు నిలుచునది యువకుడొక్కడే కాదు. హార్మోనియమునకు ఈవల కూర్చున్న పెద్దలును ఆ పరీక్షలోనే యున్నారు. ఒక బాలుని "నీకు రాదు" అని పంపివేయునపుడు ఆ యింట తెలుగు నాటకమునకు ఒక తలుపు మూసినట్లు. "ఇది దిద్దుకొని మరల రమ్ము" అని పంపునపుడు ఆ యింట పదిదినములు పద్యము మారుమ్రోగును. తల్లి వినును, చెల్లెలు వినును. నాటకము దసరా రాత్రి ఒక్కసారి ఆడబడును. ఎంపిక సరిగ జరిగిన ఊరిలో అంతకుముందే అది ఇంటింట ఆడబడి యుండును.