ఏ పాట పంపాలి?

మన ఫోన్లలో నుస్రత్ ఫతే అలీ ఖాన్ ఉంటాడు, అన్నమయ్య ఉంటాడు. వింటున్నందుకు ఎవరూ మనల్ని "ముస్లిమా? వైష్ణవుడివా?" అని అడగరు. అదే ప్లేలిస్టులో ఒక తెలుగు క్రైస్తవ పాట వచ్చిందనుకోండి, పక్కవాడు ఇయర్‌ఫోన్ తీసి చేతిలో పెట్టి "ఏంట్రా, మారిపోయావా?" అంటాడు. నవ్వుతూనే అంటాడు. పాట మాత్రం అక్కడితో అయిపోతుంది.

నేను చర్చికి వెళ్ళేవాణ్ణి కాదు. అయినా ఈ పాటలు వింటాను, స్నేహితులకి పంపుతాను. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కితే చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్, ఆ తర్వాత ఎల్బీనగర్. ఒక పాటకి సరిగ్గా సరిపోయే దూరం. (ఈమధ్య వచ్చే ఆరాధన పాటలైతే లైను చివరి స్టేషన్ వచ్చినా ఒకే వాక్యం దగ్గర తిరుగుతుంటాయి. అది వేరే ఫిర్యాదు.)

గురువారం సాయిబాబా గుడి దగ్గర వినిపించే భజనకి విసుక్కోని హాస్టల్ కుర్రాడు, ఆదివారం పొద్దున పై అంతస్తులోంచి కీబోర్డూ డ్రమ్సూ వినబడగానే కిటికీ వేసేస్తాడు. అడిగితే "మ్యూజిక్ బాగోదు" అంటాడు. నిజానికి ఆ అయిష్టంలో సంగీతం పాలు తక్కువ. ఆ పాట ఏ వాడ నుంచి వస్తోంది, ఎవరు పాడుతున్నారు అన్న లెక్కే ఎక్కువ.

అందుకని కొంతమంది ఒక ఉపాయం చెప్తారు. యేసు పేరు లేని పాట పంపమంటారు. ఆశ, ప్రేమ, ధైర్యం అని ఉంటే ఎవరికీ ఇబ్బంది ఉండదట. నాకు ఇది బొత్తిగా నచ్చదు. పేరు తీసేశాక మిగిలేది బీమా ప్రకటన. 1979లో బాబ్ డిలాన్ 'స్లో ట్రెయిన్ కమింగ్' చేసినప్పుడు తన నమ్మకాన్ని ఏమాత్రం దాచలేదు, పైగా వినేవాళ్ళని బెదిరించినంత పని చేశాడు. ఆ ఆల్బమ్ నిర్మాతల్లో ఒకడైన జెర్రీ వెక్స్‌లర్ నాస్తికుణ్ణని చెప్పుకున్న యూదుడు. గిటార్ వాయించింది మార్క్ నాఫ్లర్. నమ్మకం కుదరనివాళ్ళకి కూడా ఆ పాటల్లో పని దొరికింది, ఎందుకంటే అక్కడ ఒక మనిషి నిజంగా దేన్నో పట్టుకుని వేలాడుతున్నాడు.

తెలుగులో నేను మొదట పంపేది 'కరుణామయుడు' (1978) సినిమాలో సిలువ మోసుకెళ్ళే ఘట్టం పాట. మోదుకూరి జాన్సన్ రాశాడు, బాలసుబ్రహ్మణ్యం పాడాడు. అందులో కథ ఉంది, నడక ఉంది, దారి పక్కన ఏడ్చేవాళ్ళున్నారు. ఎవరైనా ఆ గుంపులో నిలబడొచ్చు. రెండోది పురుషోత్తమ చౌదరి (1803–1890) కీర్తనల్లో ఏదైనా ఒకటి. 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' పుస్తకం తెరిస్తే పాటల పైన రాగం, తాళం రాసి ఉంటాయి. త్యాగరాజుని వినే చెవికి అక్కడ పరాయితనం ఏమీ ఉండదు.

ఇక ఇప్పటి పాప్. జాషువా షేక్ రాసి ప్రణామ్ కమలాకర్ సంగీతం చేసిన పాటలు సౌండ్‌లో సినిమా పాటలకి తీసిపోవు, పాడేది కూడా చాలావరకు సినిమా గాయకులే. వాద్యగోష్ఠి కోసమైనా వినాలి. కానీ ఈ తరం పాటల్లో మొత్తంగా నన్ను ఆపేసేది భాష. గిటారేమో నిన్న కొన్నది, క్రియాపదం పాత బైబిలు నాటిది. 'మహిమ', 'ఘనత', 'స్తోత్రము' ఎక్కడ పడితే అక్కడ ఇమిడిపోతాయి, పాట ఏదైనా. లోపల మనిషెవరో తెలీదు. వాడికి ఈఎంఐ ఉందా, అమ్మకి బాగోలేదా, దేవుడి మీద కోపమొచ్చిందా? బైబిల్లో 88వ కీర్తన ఏ ఓదార్పూ లేకుండా చీకటి దగ్గరే ముగుస్తుంది. మన పాప్‌లో అంత ధైర్యమున్న పాట నాకింకా తగల్లేదు. 'యూ2' బృందం 1983లో 40వ కీర్తనని పాటగా చేసినప్పుడు, దానికి 'ఇంకా ఎన్నాళ్ళు' అనే ప్రశ్నని జోడించింది. బ్యాండు వేదిక దిగిపోయాక కూడా జనం ఆ ప్రశ్ననే పాడుతూ ఉండిపోయేవారు. అక్కడ పాడినవాళ్ళందరూ విశ్వాసులేనా? అనుకోను.

రాక్ అనదగ్గది తెలుగులో తక్కువ. ఎక్కువభాగం మెల్లగా మొదలై డ్రమ్స్‌తో పెరిగే పాటలే. కాబట్టి ఎవరికైనా పంపాలనుకుంటే స్టూడియో వెర్షన్ వద్దు, చర్చిలో రికార్డు చేసింది వెతకండి. మొదట్లో మాటలుంటే దాటేయండి. చివర్లో గాయకుడు మైకు పక్కకి తిప్పుతాడు, శ్రుతి తప్పిన రెండొందల గొంతులు ఒక్కసారి లేస్తాయి. నా స్నేహితుల్లో ఇయర్‌ఫోన్ వెనక్కివ్వకుండా ఉంచుకున్నవాళ్ళు ఉంచుకున్నది అక్కడే.