లలిత ఏం పాడేది?

బెల్లి లలిత మీద వచ్చిన కవితలు, వ్యాసాలు ఏవి చదివినా ఒక సంఖ్య తప్పకుండా ఎదురవుతుంది. 17. 1999 మేలో ఆమెను చంపి, శరీరాన్ని 17 ముక్కలు చేశారు. ఆ క్రూరత్వాన్ని మరిచిపోకూడదు, నిజమే. కానీ హంతకులు వేసిన లెక్కనే మనం పాతికేళ్ళుగా అప్పజెబుతున్నామేమో ఆలోచించాలి.

లలిత భువనగిరి ప్రాంతపు కురుమ కుటుంబంలో పుట్టింది. స్పిన్నింగు మిల్లులో పనిచేసింది. 1997 భువనగిరి సభ తర్వాత ఊపందుకున్న తెలంగాణ ఉద్యమంలో కళాసమితి గాయనిగా ఊరూరా పాడింది. ఒక బహుజన కార్మికురాలు వేలమంది ముందు నిలబడి రాజకీయం పాడటమే చాలామందికి మింగుడు పడలేదు. ప్రాణం తీయడంతో ఆగకుండా ఒంటిని ముక్కలు చేయడం, వేదికనెక్కబోయే ఇతర స్త్రీలకు పంపిన హెచ్చరిక. నయీం ముఠా మీద ఆరోపణలు వచ్చాయి. 2016లో అతను పోలీసు ఎన్‌కౌంటర్లో చనిపోయాడు. అతనితోపాటు కోర్టులో బయటపడాల్సిన నిజాలూ పోయాయి.

స్మృతి సాహిత్యం ఆమెను గానకోకిల అంది. ప్రేమతోనే అంది. అయితే కోకిలకు స్వరమే తప్ప అభిప్రాయం ఉండదు. పాటను ప్రకృతి ఇచ్చిన వరంగా మార్చగానే, ఆ పాట వెనకున్న మిల్లు పని, రాజకీయ ఎంపిక కనుమరుగవుతాయి. మగ కవి అమరుడైతే అతని భావజాలం చర్చిస్తాం. గాయని అమరురాలైతే ఆమె శరీరం గురించి ఏడుస్తాం.

నాది ప్రొద్దుటూరు. ఫ్యాక్షన్ హత్యల్లో ఎన్ని పోట్లు, ఎన్ని బాంబులు అని లెక్కపెట్టి చెప్పుకోవడం మాకు కొత్త కాదు. ఆ చెప్పుకోవడంలో చంపినవాడి బలమే పెరుగుతుంది, పోయిన మనిషి మిగలడు. అదే రేనాడులో ఇంకో సంప్రదాయమూ ఉంది. 1847లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని కోయిలకుంట్లలో ఉరితీసి, తలను ఏళ్ళ తరబడి కోటకు వేలాడదీశారు. జమ్మలమడుగు పల్లెల దాకా పాకిన పాటలో మాత్రం ఆయన తెగిన తల కాదు, పోరాడే నిండు మనిషి. తెల్లదొరల ప్రదర్శనను జనం పాటలోకి రానివ్వలేదు.

జానపద గేయాల సేకరణకు పులివెందుల వైపు వెళ్ళినప్పుడు, శెనక్కాయలు ఒలుస్తున్న ఆడవాళ్ళకు లలిత కథ చెప్పాను. అంతా విని ఒక పెద్దామె, "ఆయమ్మ ఏం పాడేదమ్మా?" అని అడిగింది. మన విమర్శ అడగాల్సిన మొదటి ప్రశ్న అదే.

చిలీలో 1973లో సైనికులు చంపిన విక్టర్ హారా ఒంట్లో 40కి పైగా తూటాలు దిగాయి. ఆయన భార్య జోన్ రికార్డింగులను దేశం దాటించింది. అందుకే ప్రపంచం ఆయన్ని ఇప్పటికీ వింటోంది. లలిత విషయంలో ఆ పని మనది. ఆమెతో మిల్లులో పనిచేసినవాళ్ళు, వేదిక మీద గొంతు కలిపినవాళ్ళు ఉండగానే ఏ పాట, ఏ బాణీ, ఎవరి కోసం అని రాసిపెట్టుకోవాలి. నివాళి కవితలు ఇప్పటికే చాలా ఉన్నాయి.